పత్తి చేన్లో సబ్‌స్టిట్యూట్లు

తరన్నుమ్ మేడం తన టీముకు ప్రాక్టీసు పెట్టేది మిట్టమధ్యాహ్నం. ఆ హైస్కూలుకు ఏ కొత్త హెడ్మాస్టరు వచ్చినా మొదటి వారంలోనే ఆమెను పిలిచి అడిగేవాడు. "ఎండల పిల్లల్ని సంపుతవా ఏందమ్మా? పొద్దుగాల పెట్టుకోరాదా?"

"ఆగస్టు రానియ్యండి సార్, మీకే తెలుస్తది" అనేది ఆమె.

ఆగస్టు వస్తే నిజంగానే తెలిసేది. గద్వాల చుట్టుపట్ల ఊళ్లలో అది సీడు పత్తి కాలం. విత్తనాల కంపెనీలకోసం వేసే పత్తి అది. సాయంత్రంపూట ఆడ సాళ్లలో ప్రతి మొగ్గనూ వేళ్లతో విప్పి, లోపలున్న పుప్పొడి కేసరాల్ని గోటితో గిల్లెయ్యాలి. మర్నాడు పొద్దున మగ సాళ్ల నుంచి పూలు తెంపుకొచ్చి, గిల్లిన ప్రతి పువ్వుకూ అద్దాలి. దీన్ని ఊరంతా క్రాసింగ్ అంటుంది. సాయంత్రం గిల్లిన పువ్వుకు పొద్దున అద్దకపోతే అది రాలిపోతుంది. అద్దే పని మధ్యాహ్నానికల్లా ముగుస్తుంది, గిల్లే పని పొద్దు వాలాక మొదలవుతుంది. ఆ రెంటి నడుమ మిగిలిన కాస్త ఎండా పిల్లలది. కొందరు ఆ ఎండలో అన్నం తిని గట్టుమీదే పడుకునేవాళ్లు. తరన్నుమ్ పిల్లలు మాత్రం పసుపుపచ్చని వేళ్లతోనే గ్రౌండుకు పరిగెత్తుకొచ్చేవాళ్లు.

ఈ పనికి చిన్న చేతులు కావాలంటారు, ఆడపిల్లల వేళ్లయితే పువ్వు నలగదంటారు. ఎవరు పుట్టించారో గాని ఈ మాట, పుట్టించినవాళ్ల పిల్లలెవరూ ఏ చేలోనూ కనబడలేదు. కంపెనీ కాగితాల ప్రకారం ఏ చేలోనూ పిల్లలు లేరు. తనిఖీ జీపు వస్తోందంటే పిల్లలు సాళ్ల మధ్య పడుకుంటారు, జీపు పోయాక లేస్తారు. పడుకున్నారని జీపులో కూర్చున్నవాళ్లకూ తెలుసు. దాచేవాళ్లకూ వెతికేవాళ్లకూ నడుమ ఇదొక ఒప్పందం. దానిమీద సంతకం పెట్టనిది పిల్లలే.

తరన్నుమ్ వనపర్తి మనిషి. తండ్రి జమీల్ పెబ్బేరు పశువుల సంతలో వారం వారం ముకుతాళ్లు, మెడగంటలు అమ్మేవాడు. తల్లి అమీరున్నీసా, చెల్లెలు ఉమేరా, అన్న రెహాన్. అన్నతో పాటు పోయి మగపిల్లల ఆటలో దూరి ఫుట్‌బాల్ నేర్చుకుంది. పదో తరగతిలో ఉండగా ఎవరో చూసి హైదరాబాదులో ఒక కాలేజీలో సీటిప్పించారు. ఫీజు లేదు, హాస్టలు కూడా ఊరికే. ఐదేళ్లు ఆ కాలేజీకి ఆడింది. మోకాలు ఒకటి అరిగింది, చేతికొక డిగ్రీ వచ్చింది, ఆపైన వ్యాయామ టీచరు చదువు చదివింది. కాంట్రాక్టు ఉద్యోగం. ప్రతి ఏడాదీ జూన్లో కొనసాగిస్తారో లేదో తెలియకుండానే బడికి వచ్చేది. ముప్పయ్యో పడిలో పడినా పెళ్లి కాలేదని అమీరున్నీసా ప్రతి పండక్కీ ఏడ్చేది. తరన్నుమ్ గద్వాలలో ఒక గది అద్దెకు తీసుకుని, రోజూ ఆర్టీసీ బస్సులో ఆ ఊరికి వచ్చిపోయేది.

ఆ ఊళ్లో ఫుట్‌బాల్ ఎందుకంటే, ఇంకే ఆటకూ సామాను లేదు గనుక. ఒక బంతి దొరికింది, గాలి కొట్టించింది, ఆడపిల్లల్ని పిలిచింది. మొదట్లో వచ్చినవాళ్లు పెళ్లిళ్లయి పోయారు. తర్వాత వచ్చినవాళ్లు చేలల్లోకి పోయారు. ప్రతి ఏడాదీ టీము తయారు చెయ్యడం, ప్రతి ఏడాదీ అది కళ్లముందే కరిగిపోవడం ఆమెకు అలవాటైంది. అలవాటైందంటే నొప్పి పోయిందని కాదు.

తన లాగా ఒక్కతి, ఒక్కతంటే ఒక్కతి, బంతి తన్నుకుంటూ ఈ సాళ్లలోంచి బయటపడాలి. తరన్నుమ్‌కు ఉన్న కోరిక అంతే.

రెండువేల ఆరులో ఆ ఒక్కతీ దొరికింది. పేరు జములమ్మ, పదో తరగతి. తండ్రి వెంకటన్నకు ఊరి వెనక కొంచెం భూమి ఉంది, అందులో సీడు పత్తి. తల్లి అమృతమ్మ, చెల్లెలు భూలక్ష్మి. చెల్లెల్ని ఇంట్లో అందరూ చిన్ని అంటారు. ఆరో తరగతి.

జములమ్మ బంతితో ఉరికేటప్పుడు భుజం పక్కకు తిప్పి, ఒంటి వెడల్పు సగం చేసుకుని ఇద్దరి నడుమ నుంచి జారిపోయేది. ఎవరికీ తగిలేది కాదు.

"ఏ జములీ, పత్తి సాలనుకున్నవా, గంత పైలంగ పోతున్నవు" అని తోటిపిల్లలు ఎక్కిరించేవాళ్లు.

"చేన్ల పువ్వుకు తగిల్తే నాయిన తిడ్తడు గద, గా అలవాటుల పోతున్న" అనేది జములమ్మ.

ఆ ఏడు జిల్లా పోటీలు నాగర్‌కర్నూల్లో పెట్టారు. సరిగ్గా క్రాసింగ్ జోరుగా సాగే రోజుల్లో. పోటీ పెట్టేవాళ్లకు పత్తి పూత సంగతి ఏం తెలుసు? పిల్లలే ఒక ఉపాయం చేశారు. ఆడేవాళ్ల సాళ్లు ఆడనివాళ్లు చూసుకోవాలి. మొదటి ఆట గెలిచారు, రెండోదీ గెలిచారు. ఫైనల్లో ఒక పిల్ల కాలు బెణికి కూలబడింది.

గ్రౌండు గీత బయట నిలబడి చూస్తున్న ఒక పెద్దాయన తరన్నుమ్ దగ్గరికి వచ్చాడు. నెరిసిన మీసం, మెడలో విజిలు. "సబ్‌స్టిట్యూట్‌ను దింపండి మేడం, ఇంకా టైముంది."

"లేరు సార్."

"ఒక్కరు గూడ తేలేదా? గదేం టీము?"

"ఉన్నరు సార్. చేన్ల ఉన్నరు. వీళ్లు ఈడ ఆడుతుంటే వాళ్లాడ వీళ్ల పూలకు అద్దుతున్నరు."

ఆయన పెద్దగా నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపేశాడు. తర్వాత పది మందితోనే ఆడి ఒక్క గోలు తేడాతో ఓడిపోయారు. పది మందిలో జములమ్మ ఇద్దరి ఆట ఆడింది.

ఆయన పేరు దానియేలు. హైదరాబాదులో ఒక ఆడపిల్లల కాలేజీలో ఆటల సారు. ప్రతి ఏడాదీ జిల్లాలు తిరిగి టీముకు పిల్లల్ని ఏరుకుంటాడు. ఆట అయిపోయాక అరుగుమీద కూర్చుని, "ఆ పక్కకు జారిపోయే పిల్ల నాకు కావాలె మేడం. ఇంటర్మీడియట్ నుంచి డిగ్రీ దాక మాది. తిండి, హాస్టలు, ఫీజు అంత మాఫీ. పది పాసైతే సాలు" అన్నాడు.

 తరన్నుమ్ ఒకే ఒక్క సంగతి అడిగింది. "మీ కాలేజీల పోటీలు ఏ నెలల్ల సార్?"

"ఆగస్టు సంది నవంబరు దాక. ఎందుకు?"

"ఏం లేదు సార్. పత్తి గూడ గప్పుడే పూస్తది."

పత్తికీ బంతికీ ఆ పిల్ల కావలసింది అవే నెలల్లో. మిగతా ఏడాదంతా ఆమె ఎవరికీ అక్కర్లేదు.

మర్నాడు మధ్యాహ్నం తరన్నుమ్ నేరుగా చేనికే పోయింది. ఇంట్లో ఎవరూ దొరకరని తెలుసు. వెంకటన్న గట్టుమీద చద్దన్నం తింటున్నాడు. పక్కన అమృతమ్మ, ఇద్దరు పిల్లలు. ఏం చెప్పి ఒప్పించాలో దారంతా వల్లెవేసుకుని వచ్చింది. ఒప్పించే పనే పడలేదు.

"తీస్కపోండి మేడం" అన్నాడు వెంకటన్న ముద్ద మింగి. "పట్నంల సదువంటే మాటలా? ఈడుంటే ఏమున్నది దానికి. పోనీ."

"క్రాసింగ్‌కు ఎట్ల అన్నా మరి?"

"గదేముంది, చిన్నది వస్తది. దాని చేతులు ఇంకా సన్నగుంటయి. అక్క కన్న జల్ది చేస్తది సూడు."

మెచ్చుకోలుగానే అన్నాడు ఆ మాట. ఆయన మొహంలో ఏ చెడూ లేదు. చిన్ని కూడా నాన్న తనను మెచ్చుకున్నాడని సిగ్గుపడుతూ వేళ్లు చూసుకుంది.

"ఆరో తరగతి చదువుతుంది గద అన్నా ఆమె."

"ఆరు దాక సదివింది గద మేడం. పేరు రాస్కుంటది. చాలు."

తరన్నుమ్ చిన్ని వేళ్లవైపు చూసింది. ఇంత కాలం ఆమె ఒక పిల్లను బయటికి లాగడం గురించే ఆలోచించింది. ఆ పిల్ల వదిలిన సాలు ఖాళీగా ఉండదనీ, అందులోకి ఇంకో పిల్ల దిగుతుందనీ ఎప్పుడూ ఆలోచించలేదు.

మాట్లాడింది జములమ్మ. "నాయినా, చిన్నిని చేన్లకు దింపితే నేను పోను."

"పోకపోతే నీ ఇష్టం. ఇద్దరు గట్టుమీద కూసోని బంతాడుకోండి, పూలకు నేను మీ అమ్మ అద్దుతం."

"అద్దుండ్రి. పెద్దోళ్ల చేతులకు పూలు కర్సవు గద."

అమృతమ్మ నవ్వింది. "దాని నోరు సూడు. ఆ నోటికే పట్నపోళ్లు సీటిచ్చినట్టున్నరు."

చివరికి వెంకటన్న మాట ఇచ్చాడు. వచ్చే ఏడు ఆలుమగలిద్దరమే చేసుకుంటాం, చాలకపోతే అమృతమ్మ అక్కను ఊరి నుంచి పిలుచుకుంటాం, చిన్నిని బడి మాన్పించం అని. జములమ్మకు ఆ మాట చాలలేదు.

"మాన్పించినవంటే ఆ దినమే బస్సెక్కి వస్త నాయినా."

"నీకెట్ల తెలుస్తదే ఆడ?"

"మేడం ఫోన్ చేస్తది." ఆమె తరన్నుమ్ వైపు తిరిగింది. "చేస్తవు గద మేడం?"

"చేస్త" అంది తరన్నుమ్. ఆ నిమిషంలో అది చాలా తేలికైన మాటగా అనిపించింది.

"ఇద్దరు గల్సి నా మీద కావలి పెట్టిన్రు" అని వెంకటన్న చెయ్యి కడుక్కున్నాడు.

పది పాసై జూన్లో జములమ్మ హైదరాబాదు పోయింది. ఆదివారాలు హాస్టలు వార్డెన్ ఫోనుకు తరన్నుమ్ చేస్తే, రెండు మాటలు మాట్లాడేది. బూట్లకు మడమలు ఒరుసుకుపోయాయట. చారు నీళ్లలా ఉంటుందట. ఇంగ్లీషు పాఠం మొత్తం గోడమీద బల్లిని చూస్తూ విందట. ఒకసారి మాత్రం గొంతులో నవ్వు వినబడింది.

"మేడం, ఈడ సబ్‌స్టిట్యూట్లు గ్రౌండ్ కాడనే కూసుంటరు. ఏం పని చెయ్యరు. ఉత్తగ కూసోని నారింజకాయ తింటరు."

ఆగస్టు వచ్చింది. తరన్నుమ్ రోజూ ప్రార్థన జరిగేటప్పుడు ఏడో తరగతి వరసను చూసేది. చిన్ని ఉండేది, ముందు నుంచి రెండో పిల్లగా, జడకు ఎర్ర రిబ్బనుతో. ఉందని చూశాకే తరన్నుమ్ విజిలు ఊదేది. బడి సగం ఖాళీ. వరసలో నిలబడవలసిన మిగతా పిల్లలంతా ఎక్కడున్నారో ఆమెకు తెలుసు. హెడ్మాస్టరుకు తెలుసు, మండల విద్యాధికారికి తెలుసు. వేసవిలో పిల్లల్ని బడికి పిలుస్తూ ర్యాలీ తీసి ఫొటోలు దిగినవాళ్లందరికీ తెలుసు. అంతమందిలో ఒక్క పిల్లకు కాపలా కాయడమే తన చేతనైన పని అనుకుని ఆమె తనను తాను సముదాయించుకునేది.

రంజాన్ నెల మొదలైన కొద్ది రోజులకు చిన్ని వరసలో కనబడలేదు.

"జరం వచ్చింది మేడం" అన్నారు పిల్లలు. మర్నాడూ లేదు. ఈసారి అడిగితే పిల్లలు నేల చూశారు.

మధ్యాహ్నం కాకముందే తరన్నుమ్ చేనికి నడిచింది. రోజా ఉపవాసంలో ఉంది. పొద్దుటి నుంచి గుటక నీళ్లు లేవు, మోకాలు కలుక్కుమంటోంది. చేను గట్టున, చెట్టులేని చోట నాలుగు కట్టెలకు చీర కట్టి దాని నీడలో అమృతమ్మ పడుకుని ఉంది. కళ్లు ఉబ్బి మూసుకుపోయాయి. చేతుల చర్మం పొరలుగా లేచింది.

"కూసో మేడం" అంటూ లేవబోయి లేవలేక, "చెంబుల నీళ్లున్నయి... అయ్యో, మీది ఒక్కపొద్దు గద, మర్సిన" అంది.

మందు కొట్టిన చేలోకి మర్నాడే దిగిందట. తల తిరిగి, వాంతులై, సాలులోనే పడిపోయిందట. గద్వాల దవాఖానలో రెండు రోజులు ఉంచి, పంట ముగిసేదాకా చేలోకి దిగొద్దని పంపారట. అక్క వస్తానని రాలేదు, ఆమెకూ సీడు చేనే ఉంది.

తరన్నుమ్ తల తిప్పి చూసింది. సాలు చివర తువ్వాల తలకు చుట్టుకుని చిన్ని నిలబడి ఉంది. పువ్వు వంచి, అద్ది, ఇంకో పువ్వు. అటు తిరిగే ఉంది, ఇటు చూడలేదు. ఎర్ర రిబ్బను తువ్వాల కింద నుంచి కొంచెం కనబడుతోంది.

వెంకటన్న మగ సాళ్ల నుంచి పూలబుట్ట తీసుకుని వచ్చాడు.

"అన్నా, మాట ఇచ్చినవు."

"ఇచ్చిన మేడం. ఈమె గిట్ల పడ్తదని అప్పుడు తెల్వదు."

"కూలీలను పిలవరాదా?"

"యాడున్నరు? ఊరంత చేన్లనే ఉన్నది. మీ బడి పోరగాండ్లు గూడ చేన్లనే ఉన్నరు, మీరు సూస్తలేరా?"

"ఫోన్ చేస్త అన్నా మరి."

"చెయ్యి. నేను వద్దంటలేను." ఆయన బుట్ట కింద పెట్టి గట్టుమీద చతికిలబడ్డాడు. గొంతులో కోపం లేదు. "చేస్తే పెద్దది వస్తది, దాని సదువు పోతది. చెయ్యకుంటే చిన్నది ఈడుంటది, దీని సదువు పోతది. నాకున్నది ఇద్దరే బిడ్డలు. నువ్వే సెప్పు మేడం, ఎవరిది ఉంచాల్నో."

తిరిగి వస్తుంటే చిన్ని వెనకనే పరిగెత్తుకొచ్చి చున్నీ పట్టుకుంది. "అక్కకు చెప్పకు మేడం. నాకు మంచిగనే ఉన్నది. నిజంగ."

ఆ సాయంత్రమే తరన్నుమ్ మండల విద్యాధికారి ఆఫీసుకు పోయింది. "ఒక్క పిల్ల గురించి ఏంటమ్మా, మండలమంతా అదే కథ. పండుగ కానియ్యండి, చూద్దాం" అన్నాడాయన. పిల్లల హక్కుల సంస్థవాళ్లకు చెప్పింది. వచ్చే వారం మనిషిని పంపిస్తామన్నారు. పత్తి పువ్వుకు వచ్చే వారం అనేది లేదు, పూసిన మర్నాడే రాలుతుంది. చివరికి దానియేలు సారుకు ఫోన్ చేసింది. జములమ్మ కొన్నాళ్లు ఊరికి వచ్చి మళ్లీ వస్తే కాలేజీ ఒప్పుకుంటుందా అని.

ఆయన గొంతు తగ్గించాడు. "మేడం, ఈ శుక్రవారం సెమీఫైనల్. ఆ పిల్ల లేకుంటే మాకు ఆట లేదు. సీజన్ల లేని ప్లేయర్‌కు సీటెందుకని ప్రిన్సిపాల్ అడుగుతది. నేనేం చెప్పాలె?"

"మీరేమంటరు సార్, మీ సొంతంగ?"

"చెయ్యకండి. ఎవరో ఒకరన్న ఒడ్డుకు చేరనియ్యండి. నేనైతే ఫోన్ చెయ్య."

చెయ్యవద్దని చెప్పేవాళ్లే అందరూ. తండ్రి చెయ్యమన్నా, ఆ చెయ్యమనడంలోనే వద్దని ఉంది. తరన్నుమ్ కూడా అటే ఒరిగింది. ఒక్క శుక్రవారం దాటనిద్దాం అనుకుంది. రోజూ ప్రార్థనలో ఏడో తరగతి వరస వైపు చూడకుండా విజిలు ఊదడం నేర్చుకుంది.

బుధవారం సెలవు వస్తే వనపర్తి పోయింది. పొద్దు గుంకి మగ్రిబ్ అజాన్ అయ్యాక అందరూ ఖర్జూరం నోట్లో వేసుకున్నారు. అమీరున్నీసా నమాజుకు లేచింది. ఉమేరా పకోడీల పళ్లెం ముందుకు జరిపింది. ఉమేరా పక్కింటివాళ్లకు జాకెట్లు కుట్టి బతుకుతోంది. బడి మానేసి చాలా ఏళ్లయింది.

"నేను హైదరాబాద్ పోయిన సంవత్సరమే గద నీ బడి బంద్ చేయించింది?" అని అడిగింది తరన్నుమ్. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగని మాట.

"అమ్మీ మంచం పట్టింది. ఇంట్లో ఒకరుండాలె. నువ్వు లేవు" అంది ఉమేరా మామూలుగా.

"నాకెందుకు చెప్పలేదు?"

"అబ్బాజాన్ వద్దన్నాడు. దాని ఆట పాడైతది అన్నాడు."

"చెప్తే వచ్చేదాన్ని."

ఉమేరా నవ్వింది, కుట్లు విప్పుతున్నట్టు నెమ్మదిగా. "వచ్చేదానివో రాకపోయేదానివో నీకూ తెల్వదు, నాకూ తెల్వదు. వస్తే కొట్టి మళ్లీ పంపేదాన్నేమో నేనే. గని ఎవరూ మనల్ని అడగలే. వాళ్లే అనుకున్నరు, వాళ్లే చేసిన్రు. తిను, చల్లారుతున్నయి."

తరన్నుమ్ తినలేకపోయింది.

గురువారం పొద్దున తిరుగు బస్సు పెబ్బేరులో ఆగింది. స్టాండు వెనక ఎవరో ఎడ్లను లారీ ఎక్కిస్తున్నారు. ఆ అరుపుల మధ్యనే ఒక చెవి మూసుకుని వార్డెన్ నంబరు నొక్కింది. జములమ్మను పిలవడానికి కొంత సేపు పట్టింది. బస్సు కండక్టరు రెండుసార్లు రైట్ అన్నాడు, ఆమె చెయ్యెత్తి ఆపింది.

ఉన్నదున్నట్టు చెప్పింది. అమ్మకు ఎట్లా ఉందో చెప్పింది, చిన్ని ఎక్కడుందో చెప్పింది. దానియేలు సారు ఏమన్నాడో కూడా చెప్పింది. "నువ్వు వస్తే సీటు ఉంటదో లేదో బిడ్డా. నేను రమ్మంటలేను, వద్దంటలేను. మాట ఇచ్చిన గనక చెప్తున్న."

"ఎప్పటి సంది?" అంది జములమ్మ.

"వారమైతుంది."

"వారం సంది ఎందుకు చెయ్యలే?"

 అవతల ఎవరో బంతిని గోడకేసి కొడుతున్న చప్పుడు వినబడింది.

"వస్త" అని ఫోను పెట్టేసింది జములమ్మ.

శుక్రవారం సాయంత్రం మొగ్గలు గిల్లే వేళకు ఆమె చేలో ఉంది. శనివారం ప్రార్థనకు చిన్ని వరసలో ఉంది. అక్క తన్ని పంపిందని పిల్లలు చెప్పుకున్నారు. నిజంగానే చెంప కొంచెం ఎర్రగా ఉంది. చిన్ని తరన్నుమ్ వైపు ఆ రోజంతా చూడలేదు.

దానియేలు సారు ఫోన్ చేశాడు. "మీ మాట మీరు నిలబెట్టుకున్నరు మేడం. మా టీము పడిపోయింది." తిట్టలేదు. నిందగా అన్నా బాగుండును. సీటు ఇంకొకరికి ఇచ్చేశారట, ఖమ్మం పిల్లకు. "మార్చిల పరీక్షలన్న రాయనిస్తరేమో అడుగుత. రాయనిస్తరని చెప్పలేను."

వాళ్లు రాయనిస్తారో లేదో తెలియదు. ఇటు జములమ్మ తరన్నుమ్‌తో మాట్లాడటం మానేసింది. బడి గోడ పక్క నుంచే చేనికి పోయేది, తల తిప్పేది కాదు. ఊళ్లో మాత్రం మాటలు పుట్టాయి. పంతులమ్మే పంపె, పంతులమ్మే పిలిపించె, ఆ పిల్ల బతుకును బంతి చేసె అని. హెడ్మాస్టరు కూడా పిలిచి, "ఇంటి విషయాల్లో మనకెందుకమ్మా" అన్నాడు. అది ఇంటి విషయమే అయితే చేలో పండిన గింజ ఏ ఇంటికి పోతోంది అని అడగాలనిపించింది తరన్నుమ్‌కు. ఆ గింజ ఊళ్లు దాటి, రాష్ట్రాలు దాటి, సంచిమీద రంగుల బొమ్మతో కొట్లో అమ్ముడుపోతుంది. దానికోసం చదువు పోగొట్టుకున్న ఇంటి గుమ్మం దాకా వచ్చేసరికి అది ఇంటి విషయమవుతుంది. అడగలేదు. ఓపిక లేకపోయింది. ఇంకో రోజు అడుగుతుంది.

పండుగ పోయాక ఒక పొద్దున ఆమె బడికన్న ముందే చేనికి పోయింది. జములమ్మ ఒక్కతే సాలులో ఉంది. వేళ్లు అలవాటుగా పోతున్నాయి. కాళ్లకు కాలేజీ బూట్లు ఉన్నాయి. బురదకు పనికొస్తున్నాయి అన్నట్టు.

"అమ్మకెట్లున్నది?"

"కండ్లు తెరుస్తుంది."

 తరన్నుమ్ తన మనసులో తిరుగుతున్నదాన్ని అడిగేసింది. "నేను ఫోన్ చెయ్యకుంటేనే బాగుండునా జములీ?"

జములమ్మ పని ఆపలేదు. "కోపమున్నది మేడం. నీ మీద ఉన్నది, నాయిన మీద ఉన్నది. చిన్నిని సూస్తె గూడ కోపమొస్తది, మంచిగ సంచేస్కొని బడికి పోతుందని. గది నా చెల్లెలు, దాని మీద ఏం కోపం అనుకుంట, అయినా వస్తది."

"మరి?"

"నువ్వు చెయ్యకుంటే కోపం గూడ ఉండకపోను. ఆడ నారింజకాయలు తింటుంటి." ఇంకో పువ్వు వంచింది. "వారం ఆగినవు సూడు, దానికి మాత్రం నిన్ను మాఫ్ చెయ్య."

"చెయ్యకు" అంది తరన్నుమ్.

ఆ మాటకు జములమ్మ మొదటిసారి తలెత్తి ఆమెను చూసింది. కళ్లకింద నలుపు, పెదవులు పగిలి ఉన్నాయి. పదహారేళ్ల పిల్లలా లేదు.

"దానియేలు సార్ పరీక్షల గురించి అడుగుతుండు" అంది తరన్నుమ్. "నేను గూడ పోయి ఆ ప్రిన్సిపాల్ ముందు కూసుంట. లేదంటే ఇంకో కాలేజీ. తెల్వదు బిడ్డా, ఏదీ గట్టిగ చెప్పలేను. ఈసారి ఏది ఉంటే అది నీకే ముందు చెప్త."

"రాయనిస్తే రాస్త" అంది జములమ్మ. "పుస్తకాలు హాస్టల్ల ఉండిపోయినయి. తేగలుగుతవా?"

"తెస్త."

"ఇంగ్లీషుది మర్వకు. గదే ఏం రాదు నాకు."